లాండ్రీ యంత్రం కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హోటళ్ళు, ఆసుపత్రులు, హాస్టళ్ళు వాడే పెద్ద లాండ్రీ యంత్రాలకు యూరప్‌లో ఎకోడిజైన్ నిబంధనలు (తయారీ దశలోనే పొదుపును తప్పనిసరి చేసేవి) సిద్ధమవుతున్నాయన్న విషయాన్ని కిందటి సంచికలో ప్రస్తావించాము. దాని మీద ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. కొన్నింటిని కుదించాము. రాసినవారి పేర్లనూ, వారు ఫిర్యాదు చేసిన సంస్థల పేర్లనూ వదిలిపెట్టాము.

ప్రశ్న: గోపాల్‌పూర్ తీరంలోని హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే లాండ్రీ నడుపుతున్నాను. రెండు పాత యంత్రాలు మార్చవలసి ఉంది. యూరప్ నిబంధనలు వచ్చేదాకా ఆగితే మంచి యంత్రాలు దొరుకుతాయని విశాఖపట్నం డీలరు ఒకాయన అంటున్నారు. ఆగనక్కర్లేదని ఇంకొకాయన అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– లాండ్రీ యజమాని, బరంపురం

జవాబు: ఆగనక్కర్లేదు. ఎందుకో తెలియాలంటే ఆ నిబంధనల వెనుక కథ కొంత చెప్పుకోవాలి. యంత్రం కొన్నాక పొదుపుగా వాడుకోమని వాడేవారికి బోధించడం ఒక పద్ధతి. పొదుపు చేతగాని యంత్రాన్ని అసలు అమ్మకానికే రానివ్వకపోవడం మరో పద్ధతి. ఎకోడిజైన్ రెండో కోవకు చెందుతుంది. యూరోపియన్ యూనియన్ ఇందుకోసం 2005లో మొదటి ఆదేశం తెచ్చి, 2009లో దానిని తిరగరాసి, 2024 జూలై 18న అమలులోకి వచ్చిన 2024/1781 నంబరు నిబంధనతో దాని పరిధిని ఇంధన వాడకంతో ముడిపడిన వస్తువుల నుంచి ఆహారం, మందులు వంటి కొన్ని మినహా దాదాపు అన్ని వస్తువులకూ విస్తరించింది. ఇళ్ళలో వాడే వాషింగ్ మెషీన్లకు చాలాకాలంగా హద్దులు ఉన్నాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2019లో రూపొందించి 2021 మార్చి 1 నుంచి అమలు చేసినవి. మీరు వాడే రకం యంత్రాలు మాత్రం ఆ గీతకు బయటే ఉండిపోయాయి. వాటి మీద యూరోపియన్ కమిషన్ కోసం చేసిన సన్నాహక అధ్యయనం 2011లోనే ముగిసినా, వెంటనే నిబంధనగా మారలేదు. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన 2025–2030 పని ప్రణాళికలో వీటి పేరు మళ్ళీ కనిపించింది.

ఈ ఆలస్యాన్ని అలసత్వం ఖాతాలో వేసేస్తే సరిపోదు. ఇంటి యంత్రాలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. వాణిజ్య యంత్రాలలో నాణెం వేసి నడిపే ఎనిమిది కిలోల చిన్నది ఉంది, ఉతికి తానే పిండే అరవై కిలోల వాషర్ ఎక్స్‌ట్రాక్టర్ ఉంది, ఒకవైపు మాసిన బట్ట వేసి గోడకు అవతలివైపు శుభ్రమైన బట్ట తీసుకునే ఆసుపత్రి బారియర్ యంత్రం ఉంది, ఆపకుండా మూట వెనుక మూట మింగుతూ పోయే టన్నెల్ వాషర్ ఉంది. వేడి ఒకచోట కరెంటుతో, ఒకచోట గ్యాసుతో, మరొకచోట బాయిలర్ ఆవిరితో వస్తుంది. వీటన్నిటికీ కలిపి ఒకే హద్దు గీయడం తేలిక కాదు. పైగా ఇంటి యంత్రంలో కరెంటు మిగల్చడానికి సులువైన దారి సమయాన్ని పెంచడమే. అక్కడి ‘ఎకో 40–60’ ప్రోగ్రామ్ నిండు బరువుతో మూడు గంటలు దాటి నడుస్తుంది. ఉతుకు అనేది సమయం, వేడి, రసాయనం, రాపిడి అనే నాలుగింటి కూడిక అనీ, ఒకటి తగ్గిస్తే మిగిలినవాటిలో ఏదో ఒకటి పెంచక తప్పదనీ హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయనవేత్త 1959లో సూత్రీకరించారు. చౌడు, ఉబ్బ, బండ, నానబెట్టే పొద్దు అనే నాలుగు మాటలతో మన చాకిరేవులు తరతరాలుగా నడిపిన లెక్క కూడా ఇదే. ఉదయం తెచ్చిన దుప్పట్లను సాయంత్రానికి గదుల్లో పరవవలసిన మీకు సమయం పెంచుకునే వెసులుబాటు లేదు. కాబట్టి మీ యంత్రంలో పొదుపు మరోచోట వెతకాలి.

నిబంధన ఎప్పుడు వచ్చినా అది యూరోపియన్ యూనియన్ దేశాలలో అమ్మే యంత్రాలకే వర్తిస్తుంది. ప్రకటించిన తరువాత తయారీదారులకు గడువు కూడా ఇస్తారు. అప్పటిదాకా మీ పాత యంత్రాలు తాగే కరెంటు, నీరు మీ జేబులోంచే పోతాయి. మన దేశంలో ఇంధన సామర్థ్య బ్యూరో (బి.ఈ.ఈ.) ఇచ్చే నక్షత్రాల లేబుల్ ఇళ్ళలోని వాషింగ్ మెషీన్ల కోసం పెట్టినదే కనుక ఆ నక్షత్రాలు మీకు అక్కరకు రావు. అందువల్ల డీలరును మీరే కాగితం అడగాలి. కిలో బట్టకు ఎన్ని లీటర్ల నీరు, కిలో బట్టకు ఎన్ని యూనిట్ల కరెంటు, పిండిన తరువాత బట్టలో మిగిలే తేమ ఎంత శాతం అనే మూడు సంగతులు ఆ కాగితంలో ఉండాలి. నిండు బరువుకు వేరుగా, సగం బరువుకు వేరుగా రాసి ఉండాలి. వాణిజ్య వాషింగ్ మెషీన్ల పనితీరును కొలవడానికి ఈఎన్ 50640, డ్రయర్లకు ఈఎన్ 50594 అనే యూరోపియన్ ప్రామాణికాలు ఇప్పటికే ఉన్నాయి. ఆ పద్ధతిలో కొలిచిన అంకెలు చూపగలిగిన కంపెనీని ముందువరుసలో పెట్టండి. అంకెలు చెప్పకుండా ‘ఎకో’ అనే ఆకుపచ్చ బొమ్మ మాత్రమే చూపించే కరపత్రాన్ని పక్కన పెట్టేయండి.

మీ ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటి ఉంది. తీరం నుంచి వచ్చే తువ్వాళ్ళలో ఇసుక ఉంటుంది. దానిని దులపకుండా డ్రమ్ములో వేస్తే డ్రెయిన్ వాల్వ్‌లో పేరుకుని, వాల్వ్ సరిగా మూసుకోక, వేడి చేసిన నీరు చప్పుడు లేకుండా కారిపోతుంది. ఎంత పొదుపైన యంత్రమైనా ఈ కారుడు ముందు తేలిపోతుంది. దులపడానికి ఒక జాలీ బల్ల, ఒక మనిషి చాలు.

ప్రశ్న: మా హాస్టల్‌లో 20 కిలోల వాషింగ్ మెషీన్, దానికి జోడుగా కరెంటు డ్రయర్ ఉన్నాయి. వానాకాలం నాలుగు నెలలూ డ్రయర్ ఆపకుండా నడుస్తుంది, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఉతికే నీటిని వేడి చేయడం మానేస్తే బిల్లు తగ్గుతుందా?
– హాస్టల్ నిర్వాహకుడు, గుణుపురం

జవాబు: కొంత తగ్గుతుంది, కానీ మీ డబ్బు కారిపోతున్న చిల్లు అక్కడ లేదు. ఒకసారి కాగితం మీద లెక్క వేద్దాము. 20 కిలోల బట్టకు ప్రధాన ఉతుకులో సుమారు 80 లీటర్ల నీరు పడుతుందనుకుందాము. దానిని 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తీసుకుపోవడానికి దాదాపు 3 యూనిట్లు చాలు. ఇక ఆరబెట్టడం సంగతి చూడండి. పిండిన తరువాత బట్ట తన పొడి బరువులో 75 శాతం నీటిని పట్టుకుని ఉంటే, డ్రయర్‌లోకి 15 లీటర్ల నీరు వెళ్ళినట్టు. లీటరు నీటిని ఆవిరి చేయడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 0.63 యూనిట్ దాకా కావాలి. వేడిగాలిని బయటికి వదిలేసే మామూలు డ్రయర్‌లో వృథాతో కలిపి యూనిట్ దాకా అవుతుంది. అంటే ఉతుకు వేడికి 3 యూనిట్లు, ఆరబెట్టడానికి 15 యూనిట్లు. మీరు మొదటిదాన్ని పట్టుకుని కూర్చున్నారు.

రెండోదాన్ని తగ్గించే పని డ్రయర్‌లో కాదు, వాషింగ్ మెషీన్ చివరి నిమిషాలలో జరుగుతుంది. బట్టను పిండేది డ్రమ్ము వేగం. 75 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము నిమిషానికి 500 చుట్లు తిరిగితే అంచున ఉన్న బట్ట మీద భూమ్యాకర్షణకు సుమారు 105 రెట్ల బలం పడుతుంది. అదే డ్రమ్ము 900 చుట్లు తిరిగితే 340 రెట్లు పడుతుంది. ఈ బలం వేగానికి కాక వేగం వర్గానికి అనుగుణంగా పెరగడం వల్ల ఇంత తేడా వస్తుంది. గట్టిగా పిండి, తేమను 75 శాతం నుంచి 50 శాతానికి దించగలిగితే, డ్రయర్‌లోకి వెళ్ళే నీరు 15 లీటర్ల నుంచి 10 లీటర్లకు తగ్గి, ఒక్కో వాయికి దాదాపు 5 యూనిట్లు మిగులుతాయి. అంత పిండడానికి మోటారు అదనంగా తీసుకునే కరెంటు దీని ముందు లెక్కలోకి రాదు. అందుకే వాణిజ్య యంత్రాలకు నిబంధన రాసేవారు ఎవరైనా, వాషర్‌ను విడిగా, డ్రయర్‌ను విడిగా చూడకుండా మిగులు తేమ శాతానికి గట్టి హద్దు పెట్టాలన్నది మా ఉద్దేశం. వాషర్ అమ్మేవాడు చేసే కక్కుర్తికి శిక్ష డ్రయర్ బిల్లులో పడుతుంటే, కొనేవాడికి అది కనబడదు.

మీ యంత్రం ఏ రకమో చూడండి. కాంక్రీటు దిమ్మకు బోల్టులతో బిగించిన హార్డ్ మౌంట్ యంత్రాలు సాధారణంగా తక్కువ వేగంతోనే పిండుతాయి. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల మీద తేలే సాఫ్ట్ మౌంట్ యంత్రాలు ఎక్కువ వేగం తట్టుకుంటాయి. మీది హార్డ్ మౌంట్ అయితే దాని వేగాన్ని మెకానిక్ చేత పెంచించే సాహసం చేయకండి, దిమ్మా బేరింగులూ రెండూ పోతాయి. దానికి బదులు, బట్టలు పిండడానికి మాత్రమే పనికివచ్చే హైడ్రో ఎక్స్‌ట్రాక్టర్‌ను విడిగా పెట్టుకోండి. తడి బట్ట మోసే శ్రమ పెరుగుతుంది గాని ఖర్చు తిరిగి వస్తుంది.

డ్రయర్ మార్చే ఆలోచన ఉంటే హీట్ పంప్ డ్రయర్ చూడండి. ఇది తేమగాలిని బయటికి తోసేయకుండా, అందులోని నీటిని చల్లబరచి ఒడిసిపట్టి, ఆ వేడినే మళ్ళీ వాడుకుంటుంది. మామూలు డ్రయర్‌తో పోలిస్తే కరెంటు దాదాపు సగం అవుతుంది. ఇళ్ళలో వాడే డ్రయర్లకు 2025 జూలై 1 నుంచి యూరోపియన్ యూనియన్ పెట్టిన హద్దులను ఈ రకం మాత్రమే అందుకోగలుగుతోంది. ధర ఎక్కువ, ఆరడానికి పట్టే సమయం కూడా ఎక్కువ. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండ ఉచితంగా దొరికే గుణుపురంలో, నాలుగు నెలల కోసం ఆ ధర పెట్టాలా అన్నది మీ హాస్టల్ లెక్కను బట్టి తేలాలి. మేము మీ స్థానంలో ఉంటే ముందు ఎక్స్‌ట్రాక్టర్ కొని, డాబా మీద వాన తగలని రేకుల పందిరి కింద గాలి ఆడేటట్టు దండేలు కట్టించి, మరుసటి ఏడాది డ్రయర్ సంగతి ఆలోచిస్తాము.

ప్రశ్న: మాది చిన్న నర్సింగ్ హోమ్. కరెంటు పొదుపు నిబంధనలు వస్తే యంత్రాలు చల్లటి నీటితోనే ఉతికేలా తయారవుతాయని, అప్పుడు ఆసుపత్రి బట్టల్లో క్రిములు చావవని మా నర్సులు భయపడుతున్నారు. ఇది నిజమా?
– నర్సింగ్ హోమ్ పర్యవేక్షకురాలు, రాయగడ

జవాబు: మీ నర్సుల జాగ్రత్త మెచ్చుకోదగినదే గాని ఆ భయం అవసరం లేదు. ఎకోడిజైన్ నిబంధన యంత్రం ఎంత సామర్థ్యంతో పని చేయాలో చెబుతుంది, ఆసుపత్రి ఏ వేడిలో ఉతుక్కోవాలో చెప్పదు. రెండోది అంటువ్యాధుల నియంత్రణకు సంబంధించిన వేరే మార్గదర్శకాల పని. బ్రిటన్ ఆరోగ్య శాఖ మార్గదర్శకం ప్రకారం బట్ట 65 డిగ్రీల వద్ద కనీసం 10 నిమిషాలు గాని, 71 డిగ్రీల వద్ద కనీసం 3 నిమిషాలు గాని ఉండాలి. వేడి బట్ట లోపలిదాకా సమంగా పాకడానికి పట్టే సమయాన్ని దీనికి అదనంగా కలపాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 71 డిగ్రీల వద్ద 25 నిమిషాలు అంటుంది.

భయపడవలసినది మరొకటి ఉంది. యంత్రం తెర మీద 71 అని చూపించినంత మాత్రాన డ్రమ్ములో నీరు 71కి చేరిందని కాదు. హీటరు మీద సున్నం పేరుకున్నా, థర్మోస్టాట్ పాడైనా తెర అబద్ధం చెబుతుంది. వేడిని తనంతట తానే కొలిచి, అనుకున్న డిగ్రీలకు చేరేదాకా గడియారాన్ని నడపని యంత్రాన్నే తీసుకోండి. వాయి వాయికీ వేడి ఎంతదాకా వెళ్ళిందో దాచి ఉంచే యంత్రమైతే మరీ మంచిది.

డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టి ఆ నీటిని యంత్రానికి కలపడం మంచి ఆలోచన, అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నెత్తురు మరక మీద మొదటే వేడినీరు పడితే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి, మరక నూలులో పాతుకుపోతుంది. తొలి జాడింపు చన్నీటితోనే జరగాలి. అందుకని వేడినీటికి ఒకటి, చన్నీటికి ఒకటి, రెండు ఇన్‌లెట్ వాల్వులు ఉండి, ఏ దశలో ఏది తెరవాలో ప్రోగ్రామ్ నిర్ణయించే యంత్రం కావాలి. ఒక్క వాల్వే ఉన్న చవక యంత్రానికి సోలార్ పైపు కలిపితే పొదుపు మాట దేవుడెరుగు, దుప్పట్లు పాడవుతాయి. చివరి జాడింపు నీటిని ట్యాంకులో పట్టి తరువాతి వాయికి వాడే పద్ధతి హోటళ్ళకు బాగా నప్పుతుంది. మీరు మాత్రం ఆ నీటిని మాసిన బట్టల తొలి జాడింపుకే పరిమితం చేయండి, ట్యాంకును నిల్వ ఉంచకుండా రోజూ ఖాళీ చేసి కడిగించండి.

ప్రశ్న: ఇంట్లో వాడే సబ్బుపొడికీ లాండ్రీ వాళ్ళ రసాయనాలకూ నిబంధనలు ఒకటేనా? వాగులో నురగ చూసినప్పుడల్లా ఈ అనుమానం వస్తుంది.
– డిగ్రీ విద్యార్థిని, జయపురం

జవాబు: యూరప్‌లో కూడా ఒకటి కాదు. ఇంటి సబ్బుపొళ్ళలో ఫాస్ఫరస్‌ను ఒక ఉతుకు మోతాదుకు 0.5 గ్రాముకు 2013 జూన్ 30 నుంచి కుదించారు. వృత్తిగా ఉతికేవారి రసాయనాలను ఆ హద్దులో చేర్చలేదు. నీటిలో నాచు విపరీతంగా పెరగడానికి ఫాస్ఫరస్ కారణం. నురగ మాత్రం దానివల్ల రాదు, మురికిని లాగే సర్ఫాక్టెంట్ల వల్ల వస్తుంది. కనుక నురగ లేని నీరంతా మంచిదని అనుకోవడానికి వీలు లేదు. లాండ్రీ యంత్రం వైపు నుంచి చేయగలిగినది రసాయనాన్ని చేత్తో గుప్పెడు పోసే అలవాటు మాన్పించడం. బరువును బట్టి మోతాదు వదిలే డోసింగ్ పంపు ఉంటే సబ్బూ మిగులుతుంది, దానిని వదిలించే జాడింపు నీరూ మిగులుతుంది.

ప్రశ్న: మా లాడ్జిలో ఐదేళ్ళ కిందట కొన్న యంత్రంలో కంట్రోల్ బోర్డు కాలిపోయింది. ఆ మోడల్ ఆగిపోయిందనీ, బోర్డు రాదనీ, కొత్త యంత్రం కొనుక్కోమనీ కంపెనీవారు చెప్పారు. డ్రమ్ము, మోటారు బంగారంలా ఉన్నాయి. ఇలాంటివారిని ఏ నిబంధనా పట్టుకోదా?
– లాడ్జి యజమాని, పర్లాకిమిడి

జవాబు: మీ ఉత్తరంలోని ఆవేదన న్యాయమైనది. స్టీలు డ్రమ్ము పదిహేను, ఇరవై ఏళ్ళు నిలిచే యంత్రాన్ని అరచేయంత బోర్డు కోసం తుక్కుకు వేయడం కంటే పెద్ద వృథా ఈ వ్యాపారంలో లేదు. కరెంటు యూనిట్ల గురించి ఎంత మాట్లాడుకున్నా, ఎకోడిజైన్‌లో మనకు ఎక్కువగా పనికివచ్చే భాగం మరమ్మతు నిబంధనలే.

యూరోపియన్ యూనియన్‌లో ఇంటి వాషింగ్ మెషీన్ల విషయంలో ఇది స్పష్టంగా ఉంది. ఒక మోడల్‌లో చివరి యంత్రం మార్కెట్లోకి వచ్చిన తరువాత కనీసం పదేళ్ళ పాటు మోటారు, పంపు, బేరింగులు, హీటరు, సర్క్యూట్ బోర్డు వంటి విడిభాగాలు మరమ్మతుదారులకు దొరకాలి. ఆర్డరు అందిన 15 పనిదినాలలో పంపాలి. మామూలు పనిముట్లతో, యంత్రానికి శాశ్వత నష్టం లేకుండా వాటిని మార్చగలిగేలా డిజైన్ ఉండాలి. ఇవే హామీలు వాణిజ్య యంత్రాలకూ రావాలని కోరుకోవడం అత్యాశ కాదు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. కంపెనీలు మరమ్మతు వివరాలను అక్కడ ఉంచుతాయి గాని పదేళ్ళ విడిభాగాల హామీ లాంటి కట్టుబాటు దానిలో లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ–వ్యర్థాల నిబంధనలు యంత్రం పాడైపోయాక దాని గతి గురించి తయారీదారును బాధ్యుడిని చేస్తాయి. పాడైపోకుండా చూసే బాధ్యత ఇంకా కొనుగోలు ఒప్పందం మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు చేయగలిగింది చెబుతాము. బోర్డుల మరమ్మతు చేసే మంచి ఎలక్ట్రానిక్స్ మెకానిక్ దగ్గరికి దానిని తీసుకువెళ్ళండి. చాలాసార్లు కాలేది బోర్డంతా కాదు, అందులో ఒక రిలే గాని, పవర్ సప్లై వైపు ఒక కెపాసిటర్ గాని అయి ఉంటుంది. అది కుదరకపోతే సాధారణ పారిశ్రామిక పి.ఎల్.సి. (యంత్రాన్ని వరుసక్రమంలో నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్) పెట్టి వాల్వులు, హీటరు, మోటారు డ్రైవ్‌లను దానికి కలపగలిగినవారు విశాఖపట్నంలో దొరుకుతారు. తలుపు తాళం, నీటిమట్టం స్విచ్ అనే రెండు రక్షణలను మాత్రం పి.ఎల్.సి.కి వదిలేయకుండా నేరుగా వైరుతో బిగించమనండి. డ్రమ్ము తిరుగుతుండగా తలుపు తెరుచుకుంటే చేయి పోతుంది. వోల్టేజి ఎగుడుదిగుడులే బోర్డును కాల్చి ఉంటే, కొత్తది పెట్టేముందు స్టెబిలైజర్, సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా స్విచ్ వేయకండి.

మళ్ళీ యంత్రం కొన్నప్పుడు ఆర్డరు కాగితం మీదే విడిభాగాల జాబితా, ఒక్కొక్కదాని ధర, ఎన్నేళ్ళు ఇస్తారన్న మాట, ఎన్ని రోజుల్లో పంపుతారన్న మాట రాయించుకోండి. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, బెల్టులు బజారులో దొరికే నంబర్లవేనా అని అడగండి. వైరింగ్ డయాగ్రం, ఎర్రర్ కోడ్‌ల పుస్తకం యంత్రంతో పాటే ఇవ్వాలని షరతు పెట్టండి. ఇవి ఇవ్వడానికి మొరాయించే కంపెనీ ఐదేళ్ళ తరువాత ఏమి చేస్తుందో మీకు ఇప్పటికే తెలుసు.

ప్రశ్న: మేము రజకులం, ఐదు కుటుంబాలవాళ్ళం కలిసి బ్యాంకు అప్పుతో యంత్రం పెట్టుకోవాలనుకుంటున్నాం. లాడ్జిలు, పెళ్ళి మండపాల బట్టలు మాకు వస్తాయి. మజ్జిగౌరి అమ్మవారి ఉత్సవాలప్పుడు, పెళ్ళిళ్ళ రోజుల్లో పని ఎక్కువ, మిగతా రోజుల్లో తక్కువ. డీలరు 50 కిలోల యంత్రం తీసుకోమంటున్నాడు. తీసుకోమంటారా?
– రజక వృత్తిదారుల బృందం, రాయగడ

జవాబు: అయ్యా, 50 కిలోల యంత్రం డీలరుకు లాభం, మీకు కాదు. పని రోజుకో తీరుగా ఉన్నచోట ఒక పెద్ద యంత్రం కంటే 15, 25 కిలోల రెండు యంత్రాలు మేలు. సగం నిండిన డ్రమ్ము సగం నీరే తాగుతుందనుకోవడం పొరపాటు. బరువును తూచి నీటిని తగ్గించుకునే ఏర్పాటు లేని యంత్రం 50 కిలోల బట్టకు పట్టే నీటినే 20 కిలోల బట్టకూ పడుతుంది, అంత నీటినీ వేడి చేస్తుంది. రెండు యంత్రాలు ఉంటే ఒకటి మరమ్మతులో ఉన్నప్పుడు రెండోది కూడు పెడుతుంది. అప్పు వాయిదా మాత్రం యంత్రం ఆగినా ఆగదు.

స్థలం చూసుకున్నాకే యంత్రం రకం నిర్ణయించుకోండి. అద్దె గదిలో, మేడ మీద పెట్టేటట్టయితే దిమ్మ కట్టవలసిన హార్డ్ మౌంట్ కుదరదు, సాఫ్ట్ మౌంట్ తీసుకోవాలి. గుణుపురం హాస్టల్ వారికి చెప్పినట్టు పిండే బలం కూడా దానిదే ఎక్కువ, కాబట్టి ధర కొంత ఎక్కువైనా వెనకాడకండి. కరెంటు హీటరుతో ఈ బరువుల యంత్రాలకు త్రీ ఫేజ్ కనెక్షన్ కావాలి. యంత్రానికి బయానా ఇచ్చేముందే విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో లోడు మంజూరు చేయించుకోండి. మోటారు ప్లేటు మీద ఐఈ3 అనే సామర్థ్య తరగతి గుర్తు ఉందేమో చూడండి. ఐఈ2 కంటే అది ఒక మెట్టు పొదుపైనది.

నీటి కోసం చిన్న మీటర్లు రెండు కొని, ఒక్కో యంత్రం పైపుకు ఒకటి బిగించండి. యంత్రం దగ్గరే కాటా పెట్టి, ప్రతి వాయికీ పొడి బట్ట బరువు, పట్టిన లీటర్లు ఒక పుస్తకంలో రాయండి. నెల తిరిగేసరికి కిలోకు ఎన్ని లీటర్లు పడుతున్నాయో తేలుతుంది. పాత తరహా యంత్రాలలో 15 నుంచి 20 లీటర్ల దాకా కనిపించడం మామూలే. మీది అంతకు మించితే డ్రెయిన్ వాల్వ్ కారుతోందో, జాడింపులు అవసరానికి మించి పెట్టారో చూసుకోవాలి. రేటు మాట్లాడుకునేటప్పుడు కూడా లాడ్జివారితో లెక్కకు కాక బరువుకు ఒప్పందం చేసుకోండి. దిండు గలీబుకూ రగ్గుకూ ఒకే ధర కడితే యంత్రం ఎంత పొదుపైనా మీకు మిగలదు.

ఎండ ఉన్న రోజుల్లో డ్రయర్ ముట్టుకోనక్కర్లేదు. ఎండలో చలవ చేసిన తెల్లబట్టకు వచ్చే తెలుపు మీకు మేము చెప్పవలసినది కాదు. ఇస్త్రీకి బొగ్గు పెట్టెల స్థానంలో గ్యాసు పెట్టెలు ఇప్పటికే చాలామంది వాడుతున్నారు, మీరు కూడా ఆలోచించవచ్చు.

చివరగా, డీలరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ గిరాకీ బట్టల్లోంచే యంత్రం నిండేంత నూలు దుప్పట్ల మూట పట్టుకువెళ్ళండి. పొడిగా ఉన్నప్పుడు తూయండి, వారి యంత్రంలో ఉతికించండి, పిండాక తీసి వెంటనే మళ్ళీ తూయండి. పది కిలోల మూట పదిహేను కిలోలై వస్తే తేమ 50 శాతం, మంచి యంత్రం. పదిహేడున్నర అయితే 75 శాతం. తూయడానికి డీలరు ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.